నూట ఎనభై కాళ్ళు

నెయిల్ కట్టర్ మధ్యతరగతి ఇళ్ళల్లో ఎప్పుడూ ఉంటుంది, కావలసినప్పుడు మాత్రం ఉండదు. గోళ్ళు పెరగని రోజుల్లో ఫ్రిజ్ మీద, టీవీ పక్కన, ఉప్పు డబ్బా వెనక, ఎక్కడ చూసినా అదే కనపడుతుంది. గోరు చొక్కా దారాన్ని లాగిన రోజున ఇల్లంతా తిరగేసినా దొరకదు. ఎవరు తీశారని అడిగితే ఎవరూ తీయలేదు. ఇంట్లో అందరి గోళ్ళూ నున్నగా కత్తిరించి ఉంటాయి, తీసినవాళ్ళు మాత్రం ఉండరు.

ఆ శనివారం మధ్యాహ్నం నల్లగొండలో, పానగల్ రోడ్డు మీది తన ఇంట్లో, ఎల్లేష్ దానికోసం అరగంట వెతికాడు. దొరక్కపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. కానీ భార్య శోభ కుట్టుమిషన్ సొరుగులో దొరికింది.

"గోర్లకేనా?" అంది శోభ.

"గోర్లకు గాదు. టెక్నికల్ పని."

"మొన్న మిక్సీ ఇప్పినప్పుడు గిదే మాటన్నవ్. అప్పటి సంది తొక్కు రోట్లనే నూరుతున్న."

ఎల్లేష్‌కు నలభై ఎనిమిదేళ్ళు. కోర్టు ఎదుట రేకుల షెడ్డు కింద టేబుల్ వేసుకుని దరఖాస్తులూ అఫిడవిట్లూ టైపు చేస్తాడు. అతని కీబోర్డు ఎంత పాతదంటే, మీటల మీది అక్షరాలు అరిగిపోయి ఏది ఏదో అతనికొక్కడికే తెలుసు. కానీ రెండేళ్ళుగా ఫోన్‌లో మెకానికల్ కీబోర్డుల వీడియోలు చూస్తున్నాడు. ఒక్కో మీట కింద ఒక్కో విడి స్విచ్చు ఉండే ఖరీదైన కీబోర్డులవి. ఒక్కటీ కొనలేదు, ముట్టుకోలేదు. అయినా ఆ విషయంలో నల్లగొండ జిల్లా మొత్తానికి తనంత తెలిసినవాడు లేడని తీర్మానించుకున్నాడు. పోటీకి ఎవరూ రాలేదు కాబట్టి తీర్మానం నెగ్గింది. కొనలేని వస్తువు గురించి కొన్నవాడికన్నా ఎక్కువ చెప్పగలగడం మన దగ్గర ఒక హోదా.

పక్క టేబుల్ సాల్మన్‌ది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే ఫ్యాను కింద కూర్చుంటున్నారు. ఈ మధ్య సాల్మన్‌కు వేళ్ళ కణుపులు నొప్పి పుట్టాయి. దవాఖానలో డాక్టరు టైపు కొట్టుడు మానమన్నాడు. మానితే ఏం తినాలో మాత్రం చీటీలో రాయలేదు. అప్పుడే అతని బిడ్డ సుమనకు మహబూబ్‌నగర్ ఐటీ టవర్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలో దేవుని భాగం చర్చికి తీసిపెట్టి, మిగిలినదాంట్లో తండ్రి వేళ్ళకోసం మంచి కీబోర్డు తెప్పించింది. అది రెడీమేడ్‌గా రాలేదు, విడి భాగాలుగా వచ్చింది: పెద్ద డబ్బాలో బోర్డు, ఒక కవర్లో తొంభై స్విచ్చులు, ఇంకో కవర్లో పైన తగిలించే మీటలు.

సుమన శనివారం పొద్దున బస్సు దిగి, ఇంటికి వచ్చి ఉన్న పార్సిళ్ళలోంచి స్విచ్చుల కవరు తీసుకుని, సీలు కూడా తీయకుండా నేరుగా ఎల్లేష్ ఇంటికి వచ్చింది.

"పెద్దనాయినా, పార్సిల్ల స్విచ్చుల ఇనుప కాళ్ళు వంకర పోతయంట. జర ఒక్కొక్కటి సూసి సక్కగ చెయ్యి. నీకంటె తెలిసినోళ్ళు ఎవరున్నరు?"

"పెద్ద డబ్బా ఏది బిడ్డా?"

"అది ఇప్పొద్దు. రేపు చర్చిల అయ్యగారు ప్రార్థన చేసినంకనే ఇప్పుదాం. అక్కడనే నువ్వు బిగియ్యాలె, డాడీ మొదటి లైను కొట్టాలె."

మొదటి సంపాదనతో కొన్నది ప్రార్థన కాకుండా విప్పకపోవడం వాళ్ళ ఇంట్లో ఆనవాయితీ. ఎల్లేష్ ఆ ఆనవాయితీని ఎంతో గౌరవించాడు. డబ్బా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ గౌరవమే కొంప ముంచింది.

కవరు చింపి స్విచ్చుల్ని స్టీలు పళ్ళెంలో పోశాడు. వంకరపోయిన ఇనుప కాళ్ళు నాలుగే ఉన్నాయి. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. అంత తెలిసిన మనిషికి ఐదు నిమిషాల పని ఇవ్వడం అవమానంగా తోచింది. ఒక స్విచ్చును వెల్లకిలా తిప్పి చూశాడు. ఐదు కాళ్ళున్నాయి.

"శోభా, గిటు రా. గిది సూడు. గీ రెండు ఇనుప కాళ్ళు కరెంటుకు. నడుమ గీ లావు కాలు నిలబడెతందుకు. పక్కన గీ రెండు సన్నటి ప్లాస్టిక్ కాళ్ళున్నయ్ సూడు, ఇవి దండుగ."

"దండుగైతే చేసినోడు ఎందుకు పెట్టిండు?"

"అరే, స్విచ్చులు కూసుండబెట్టుడు రెండు రకాలు. ఒకటి ప్లేట్ మౌంట్. బోర్డు మీద రేకు పలక ఉంటది, దానికి బొక్కలుంటయ్. గుడ్ల ట్రేల గుడ్డు కూసున్నట్టు స్విచ్చు అండ్ల కూసుంటది. గుడ్డుకు కాళ్ళు కావాల్నా?"

"వద్దు."

"గదీ. దానికి మూడు కాళ్ళు చాలు. రెండోది పీసీబీ మౌంట్. రేకు ఉండది. స్విచ్చును సీదా బోర్డుల్నే పాతుతరు, పొలంల రాతి కడీ పాతినట్టు. గప్పుడు ఐదు కాళ్ళు కావాలె, లేకుంటే ఒరుగుతది. గట్లాంటి బోర్డు ఎవరో పిచ్చోళ్ళు కొంటరు."

"మరి సుమన ఏది కొన్నది?"

"రేకుదే."

"సూసినవా?"

"సూసుడెందుకే? తెల్వనోడు సూస్తడు."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. రేకు ఉండే బోర్డుల్లో చాలావాటికి ఆ రెండు ప్లాస్టిక్ కాళ్ళకు కింద బొక్కలు ఉండవు. రేపు చర్చిలో అంతమంది ముందర స్విచ్చు దిగకపోతే ఇజ్జత్ పోతుంది. అందుకని తెలిసినవాళ్ళు ముందే కత్తిరిస్తారు. వీడియోలో చూశాడు.

"పిల్ల కాళ్ళు సక్కజెయ్యమన్నది. కొయ్యమన్నదా?" అంది శోభ.

"రేపు మెచ్చుకుంటది, సూడు."

నెయిల్ కట్టర్‌తో ఒక్కో కాలూ టిక్కుమని తెగింది. తొంభై స్విచ్చులు, నూట ఎనభై కాళ్ళు. టీ తాగి మళ్ళీ కూర్చున్నాడు. ఎల్లేష్ పని చేస్తే పైపైన చేయడు. కోసిన జాగా గరుకుగా ఉండొద్దని కట్టర్ వెనకున్న ఆకురాయితో రుద్ది, తడిబట్టతో తుడిచాడు. ఆ రెండు కాళ్ళు ఎన్నడైనా ఉండేవని చేసినవాడు చూసినా పట్టలేనంత నున్నగా వచ్చాయి. జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని అదొక్కటే.

ఆదివారం పానగల్ చర్చికి ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాడు. ఆరాధన అయ్యాక అయ్యగారు డబ్బా మీద చెయ్యి పెట్టి, ఆ బిడ్డ కష్టార్జితం కోసం, ఆ తండ్రి వేళ్ళకోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. ఎల్లేష్ కూడా అన్నాడు. సుమన డబ్బా విప్పి బోర్డు బయటికి తీసింది. సన్నటి ఆకుపచ్చ బోర్డు. కొత్త పలకలా పల్చగా ఉంది.

ఎల్లేష్ డబ్బాలోకి తొంగి చూశాడు.

"రేకు ఏదిరా బిడ్డా? అడుగున ఉన్నదా?"

"రేకు లేదు పెద్దనాయినా. కావాలనే లేనిది తెప్పించిన. రేకుంటే వేలికి ఎదురు తంతదంట. ఇదైతే మెత్తగ దిగుతది, డాడీ వేళ్ళకు మంచిది. పది రోజులు అన్నీ సదివి, అందుకే ఐదు కాళ్ళ స్విచ్చులు చెప్పిన. మంచిగనే ఎంచుకున్ననా?"

ఎల్లేష్ చెవులు రెండూ పొయ్యి దగ్గర పెట్టినట్టు వేడెక్కాయి. అప్పుడే చెప్పి ఉండొచ్చు. తప్పయింది బిడ్డా అంటే అయిపోయేది. కానీ చాప మీద కూర్చున్న అరవై మంది నిపుణుడి వైపు చూస్తున్నారు. నిపుణుడు "మంచిగనే ఎంచుకున్నవ్" అని స్విచ్చులు గుచ్చడం మొదలుపెట్టాడు.

గుచ్చినప్పుడు నిలబడ్డాయి. మీటలు తగిలించేసరికి ఒక్కొక్కటీ పక్కదాని మీదికి ఒరగసాగింది. పెళ్ళిలో నాలుగో పంక్తి దాకా వడ్డించినవాళ్ళు గోడకు ఒరిగినట్టు ఒరిగాయి. సాల్మన్ కొత్త చొక్కా చేతులు మడిచి, కణుపులు విరుచుకుని కూర్చున్నాడు. 'దేవునికి స్తోత్రము' అని కొట్టబోయాడు. 'దేవు' దాకా వచ్చింది. తర్వాతి మీట స్విచ్చుతో సహా పైకి లేచి, ఎగిరి, ముందు వరుసలో ఒక ముసలమ్మ ఒళ్ళో పడింది. రెండోది చాప కిందికి పోయింది. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వకుండా ఉండటానికి దగ్గారు.

సుమన ఒక స్విచ్చు పీకి వెల్లకిలా తిప్పింది.

"మూడే ఉన్నయ్!" అంది. ఇంకోటి పీకింది. ఇంకోటి. "అన్నిటికి మూడే. నేను ఐదనే పెట్టిన. ఆగు, ఆర్డర్ సూస్త." ఫోన్ తీసి చూసింది. ఐదనే ఉంది. ఎల్లేష్ వైపు తిరిగింది. "పెద్దనాయినా, నిన్న నువ్వు సూసినప్పుడు ఎన్ని కాళ్ళున్నయ్?"

చిన్న ప్రశ్న. ఐదు అన్నా, మూడు అన్నా, నోటికి పడే శ్రమ ఒకటే.

"మూడే బిడ్డా," అన్నాడు ఎల్లేష్.

అక్కడితో ఆగలేదు. అబద్ధాన్ని ఒంటరిగా వదిలిపెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు, తోడు ఇచ్చి పంపుతాం. "నిన్ననే అనుకున్న, పంపినోడు తప్పు పంపిండని. నీ మనసు కష్టపడతదని చెప్పలే," అన్నాడు. తర్వాత ప్లేట్ మౌంట్‌కూ పీసీబీ మౌంట్‌కూ తేడా ఏమిటో, రేకు లేని బోర్డుకు ఐదు కాళ్ళు ఎందుకు అవసరమో, గుడ్ల ట్రేనూ పొలంలో కడీనీ పోల్చి పది నిమిషాలు చెప్పాడు. శోభకు చెప్పినదే, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అంతా విన్నారు. అయ్యగారు కూడా తలూపారు.

అప్పుడు సాల్మన్ లేచి సాక్ష్యం చెప్పాడు.

"నా బిడ్డ కష్టం మోసపోకుంట దేవుడు నాకో అన్నను ఇచ్చిండు. మా ఎల్లేశన్న లేకుంటే గిది మోసమని మాకు ఎట్ల తెలిసేది? ఇరువై ఏండ్ల సంది పక్కన కూసున్నడు, ఒక్కనాడు అబద్ధమాడలే."

చప్పట్లు కొట్టారు. ఎవరో మొన్నటి సభలో మిగిలిన శాలువా తెచ్చి ఎల్లేష్ భుజాల మీద కప్పారు. సుమన మాత్రం ఒరిగిన మీటల్ని ఒక్కొక్కటే నిలబెడుతూ, "ఫస్ట్ జీతం పెద్దనాయినా. గిట్లయింది," అంది. శాలువా కింద ఎల్లేష్‌కు చెమట పట్టింది.

ఇంటికి వచ్చేసరికి శోభ గుమ్మంలోనే ఉంది. శాలువా చూసింది.

"మెచ్చుకున్నరా?"

"ఆ."

"మొఖం గట్లెందుకున్నది?"

ఎల్లేష్ కూర్చుని మొత్తం చెప్పాడు. శోభ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అది ఆమె స్వభావం కాదు కాబట్టి అతనికి ఇంకా భయమేసింది. చివరికి ఆమె అంది, "పిల్ల మొదటి జీతమయ్యా. పోయి చెప్పు."

"చెప్త. రేపు చెప్త."

సోమవారం షెడ్డు కింద సాల్మన్ వేళ్ళకు నూనె రాసుకుని పాత కీబోర్డే కొడుతున్నాడు. ఒక్కో గుద్దుకూ కన్ను చిట్లిస్తున్నాడు.

"సాల్మన్, ఒక మాట చెప్పాలె."

"చెప్పన్నా. ముందు నీకో మాట. మా చర్చోళ్ళు నీ గురించే మాట్లాడుతున్నరు. వచ్చే నెల యువకులకు నువ్వో క్లాసు చెప్పాల్నంట."

"ఏం క్లాసు?"

"గదే, మోసపోకుంట ఎట్లుండాలె అని."

అంతలో ఒక రైతు అఫిడవిట్ కోసం వచ్చాడు. పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను, అని ఎల్లేష్ టైపు చేశాడు. ఆ రోజు పదకొండు అఫిడవిట్లు వచ్చాయి. పదకొండుసార్లు అదే వాక్యం కొట్టాడు. సాల్మన్‌కు చెప్పాల్సింది మాత్రం మంగళవారానికి పడింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అంకుల్ నమస్తే. నేను పుష్పను, కోస్గి నుంచి. స్విచ్చులు పంపింది మేమే."

కోస్గిలో ఇంటి మీది గదిలో స్విచ్చులు పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్మే అమ్మాయి. సుమన ఫిర్యాదు పెట్టి, మా పెద్దనాయిన నిపుణుడు, ఆయననే అడుగు అని ఈ నంబరు ఇచ్చిందట.

"అంకుల్, ఏమనుకోకుండ్రి. ప్యాకింగ్ మా అమ్మ చేస్తది. ఒక్కొక్కటి తిప్పి, కాళ్ళు సూసి ఏస్తది. ఎన్కట పల్లి గింజలేరే కాడ పనిచేసింది, పుచ్చు గింజ ఒక్కటి పోనియ్యకపోతుండె. నాలుగేండ్లల్ల ఒక్క తప్పు రాలే. అందుకే అడుగుతున్న. మీరు పెద్దమనిషి, మీరొక్క మాటంటే చాలు, వేరేవి పంపిస్త. మీరు సూసినప్పుడు మూడేనా?"

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినపడింది. "ఐదే ఏసిన్నే పుష్పా! నా చేత్తోటి ఏసిన! ఆయనకు చెప్పు!"

ఎల్లేష్ పక్కకు చూశాడు. సాల్మన్ టైపు ఆపి, తన అన్న న్యాయం మాట్లాడటం వినాలని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మూడే ఉండె, అమ్మా," అన్నాడు ఎల్లేష్.

"సరే అంకుల్. మీరు చెప్పినంక ఇంకేమున్నది."

శుక్రవారానికి కొత్త స్విచ్చులు వచ్చాయి. తొంభై, ఐదేసి కాళ్ళతో. శనివారం సుమన ఇంట్లో ఎల్లేషే కూర్చుని బిగించాడు. ఒక్కటీ ఒరగలేదు. సాల్మన్ పేజీ మొత్తం కొట్టి, చేతులు పైకెత్తి చూసుకుని, "నొప్పి లేదన్నా!" అన్నాడు. సుమన నవ్వింది. ఆ ఇంట్లో టీ తాగుతూ ఎల్లేష్ అనుకున్నాడు: అయిపోయింది. ఎవరికీ ఏ నష్టం లేదు. పిల్ల సంతోషం, తండ్రి వేళ్ళు బాగు. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? మంచి మనసున్నవాళ్ళు ఎవరి మనసునూ బాధపెట్టకూడదు, ఆ మనసు తనదే అయినా సరే.

ఆ శాంతి మంగళవారం దాకా ఉంది. మంగళవారం సాయంత్రం పుష్ప మళ్ళీ ఫోన్ చేసింది. ఫిర్యాదు వెనక్కి తీసుకొమ్మని సుమనకు చెప్పమని అడిగింది. చెప్తానన్నాడు. మర్యాదకు, "అమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు. అడగకపోతే పోయేది.

"ఏం మంచి అంకుల్. కండ్లు కనపడుత లేవేమోనని మహబూబ్‌నగర్ తీసుకపోయి సూపించిన. డాక్టర్ అక్షరాలన్నీ సదివించిండు. కండ్లు మస్తున్నయన్నడు. మరి ఐదు కాళ్ళయి అనుకొని మూడు కాళ్ళయి ఎట్ల ఏసింది? మతి పోతున్నదని మా అన్న అంటున్నడు. ప్యాకింగ్ బందు చేయించినం. పొయ్యి కాడికి గూడ పోనిస్తలేం, గ్యాస్ మర్చిపోతదేమోనని. ఎల్లుండి గురువారం మెదడు డాక్టర్‌కు సూపిస్తం."

"అంత దూరం ఎందుకమ్మా? ఒక్క తప్పుకు..."

"మొదట్ల ఆమెనే కొట్లాడింది అంకుల్. ఐదే ఏసిన, ఐదే ఏసిన అని. ఇప్పుడు కొట్లాడుడు ఆపింది. నేనే మర్చిపోయిన్నేమో బిడ్డా, నాకేం సమజైత లేదు అంటున్నది. నిన్న నా పిల్ల పేరు పిలిచి, గిదే గదా పేరు అని నన్నడిగింది."

ఫోన్ పెట్టేసిన తర్వాత ఎల్లేష్‌కు ఆ ముసలామె పేరు కూడా అడగలేదని గుర్తొచ్చింది. మళ్ళీ చేసి అడిగాడు. గుర్వమ్మ అంది పుష్ప, ఎందుకంకుల్ అంది. ఊరికే అన్నాడు.

రాత్రి అన్నం తినలేదు. ఫోన్ సంగతంతా విన్న శోభ బతిమాలలేదు. "ఆ ముసలామె పొయ్యి కాడికి పోయిననాడు తిను," అని గిన్నె మీద మూత పెట్టేసింది.

పొద్దున లేచి షెడ్డుకు పోలేదు. కాగితం తీసుకుని, చేతనైన భాషలో రాశాడు. 'ఎల్లేష్ అను నేను, వృత్తి టైపిస్టు, నివాసం పానగల్ రోడ్డు, నల్లగొండ, తెలియజేయునది ఏమనగా, సదరు స్విచ్చులకు మొదట ఐదు కాళ్ళు ఉండినవి వాస్తవము. వాటిలో రెండేసి కాళ్ళను నేనే...' అక్కడికి వచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళుగా వేరేవాళ్ళ నిజాలు నిమిషానికి నలభై మాటల చొప్పున కొట్టిన మనిషి, తన ఒక్క వాక్యం దగ్గర నాలుగు కాగితాలు ఖరాబు చేశాడు.

"కాగితం ఎవరికి?" అంది శోభ. "ఫోన్ చేస్తే రెండు నిమిషాలు."

"పుష్పకు చెప్తే సుమనకు చెప్తది. సుమన సాల్మన్‌కు చెప్తది. వాడు చర్చిల నిలబడి సాక్ష్యం చెప్పిండే! వాడు మళ్ళ లేసి ఏమని చెప్పాలె?"

"వాడు కాదు. నువ్వు లేసి చెప్పు."

"శాలువా కప్పిండ్రే నాకు."

"కప్పితే? దానికింద ఎన్ని రోజులు కూసుంటవ్?"

అతను పుష్ప నంబరు నొక్కాడు. మొదటి రింగుకే కట్ చేశాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి పుష్ప ఎత్తింది. "ఆ అంకుల్?" అంది. "ఏం లేదమ్మా, పొరపాటున తాకింది," అన్నాడు. ఇది ఇంకో అబద్ధం. ఇప్పటిదాకా ఆడినవాటిల్లో చిన్నది, అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు దీనికే వేసింది.

ఇప్పుడు బుధవారం సాయంత్రం నాలుగున్నర. గుర్వమ్మను రేపు పొద్దున పదకొండింటికి డాక్టర్ ముందు కూర్చోబెడతారు. ఈ రోజు ఏ వారం, మీ ఊరి పేరేంది, వందలోంచి ఏడు తీస్తే ఎంత అని ఆయన అడుగుతాడు. ఆమె అన్నిటికీ సరిగ్గానే చెప్తుంది, చెప్పి, సరిగ్గా చెప్పానా అని బిడ్డ ముఖం చూస్తుంది. ఎల్లేష్ ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. కథ ఇక్కడ ఆగిపోయింది, రాస్తున్నవాడికి కూడా ముందుకు తోయడం చేతకావడం లేదు. చదివే అమ్మలారా, అయ్యలారా, మీలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పు ఒప్పుకునే ఉంటారు. మొదట ఎవరికి చెప్పాలి? పుష్పకా, సుమనకా, సాల్మన్‌కా? లేక నేరుగా ఆ ముసలమ్మనే ఫోన్‌కు పిలవమనాలా? పిలిస్తే మొదటి మాట ఏమనాలి? నువ్వు ఐదే వేశావమ్మా అంటే చాలా, మిగతాది కూడా చెప్పాలా? మీ చేతులు పట్టుకుంటాం, ఎవరైనా చెప్పండి, రేపు పదకొండు లోపల.